పది డాలర్ల నోటు మీదున్నది అమెరికా ప్రెసిడెంట్ కాదు.. దేశం అప్పు తీర్చే దారి చూపి, ఇంటికి అప్పులు మిగిల్చిన హామిల్టన్ కథ ఇదీ!

అమెరికా పది డాలర్ల నోటు ఎప్పుడైనా చూశారా? దాని మీద ఉన్నాయన పేరు అలెగ్జాండర్ హామిల్టన్. చాలామంది ఆయన్ని మాజీ ప్రెసిడెంట్ అనుకుంటారు. కానీ ఆయన ఎప్పుడూ ప్రెసిడెంట్ కాలేదు. అసలు పుట్టింది కూడా అమెరికాలో కాదు.

కరీబియన్ సముద్రంలో నెవిస్ అనే చిన్న దీవిలో పుట్టాడు. 1755లోనా, 1757లోనా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. తల్లిదండ్రులది చట్టప్రకారం పెళ్లి కాదు. తండ్రి మధ్యలోనే వదిలేసి పోయాడు. 1768లో తల్లి జ్వరంతో చనిపోయింది. సెయింట్ క్రోయ్ దీవిలో ఓ వ్యాపార సంస్థలో గుమాస్తాగా లెక్కలు రాస్తూ బతికాడు. 1772లో భారీ తుపాను వచ్చి దీవిని ఊడ్చేసింది. దాని గురించి ఈ కుర్రాడు రాసిన ఉత్తరం అక్కడి పేపర్లో అచ్చయింది. అది చదివిన పెద్దలు చందాలు వేసుకుని మరీ చదువుకి పంపించారు.

న్యూయార్క్‌లో కాలేజీలో చేరాడు. అంతలోనే బ్రిటన్ మీద యుద్ధం మొదలైంది. ఫిరంగి దళంలో కెప్టెన్ అయ్యాడు, ఆ తర్వాత జనరల్ వాషింగ్టన్ దగ్గర సహాయకుడు. 1780లో ఎలిజబెత్ స్కైలర్‌తో పెళ్లి. 1789లో వాషింగ్టన్ తొలి ప్రెసిడెంట్ అయ్యాక ఖజానా బాధ్యత హామిల్టన్‌కే అప్పగించారు.

అసలు కథ ఇక్కడే ఉంది. ఖజానా అంటే పేరుకే, ఉన్నదంతా అప్పే. కేంద్రం అప్పు సుమారు 5.4 కోట్ల డాలర్లు. రాష్ట్రాల అప్పు ఇంకో 2.5 కోట్లు. యుద్ధం చేసిన సైనికులకు జీతం బదులు ప్రోనోట్ల లాంటి కాగితాలు ఇచ్చారు. ఇల్లు గడవక చాలామంది వాటిని రూపాయి కాగితం పావలాకి అమ్ముకున్నట్టు వ్యాపారులకు అమ్మేసుకున్నారు. హామిల్టన్ ఏమన్నారంటే.. కాగితం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పూర్తి విలువ కట్టాలి. జేమ్స్ మాడిసన్ అడ్డం తిరిగారు. సైనికుడి సంగతేంటన్నది ఆయన ప్రశ్న. ప్రభుత్వం ఒక్కసారి మాట మారిస్తే దాని కాగితాన్ని ఇంకెవరూ నమ్మరన్నది హామిల్టన్ లెక్క. లెక్క కరెక్టే, అమెరికా పరపతి నిలబడింది. కానీ తుపాకీ పట్టినవాడికి మాత్రం అన్యాయమే జరిగింది.

రాష్ట్రాల అప్పు కూడా కేంద్రమే నెత్తిన వేసుకోవాలన్నారు. ఆ బిల్లు ఆగిపోయింది. 1790లో జెఫర్సన్ ఇంట్లో భోజనం దగ్గర మాడిసన్‌తో బేరం కుదిరింది. అప్పుల బిల్లు పాస్, బదులుగా రాజధాని దక్షిణాదికి దగ్గరగా పొటోమాక్ నది ఒడ్డుకి. ఇవాళ్టి వాషింగ్టన్ డీసీ అలా వచ్చిందే. మరుసటి ఏడాది జాతీయ బ్యాంకు కూడా పెట్టించారు.

అదే ఏడాది పెద్ద తప్పు చేశారు. మరియా రేనాల్డ్స్ అనే వివాహితతో సంబంధం. ఆమె భర్త బ్లాక్‌మెయిల్ చేసి వెయ్యి డాలర్లకు పైగా గుంజాడు. ఆ చెల్లింపులు చూసి, ఖజానా సొమ్ముతో ఏదో దందా నడుపుతున్నారని ప్రత్యర్థులు అనుమానించారు. 1797లో ఆరోపణ బయటికొచ్చింది. హామిల్టన్ ఏం చేశారో తెలుసా? తన వ్యవహారం మొత్తం తానే పుస్తకంగా అచ్చేయించారు. దొంగ అనిపించుకోవడం కన్నా భార్యను మోసం చేసినవాడు అనిపించుకోవడమే నయమనుకున్నారు. ఖజానా విషయంలో మచ్చ పోయింది. ఎలిజబెత్ మాత్రం ఊరందరి ముందూ తల దించుకోవాల్సి వచ్చింది.

1801లో పెద్ద కొడుకు ఫిలిప్, 19 ఏళ్లవాడు, తండ్రి పరువు కోసం తుపాకుల ద్వంద్వ యుద్ధానికి దిగి చనిపోయాడు. అయినా మూడేళ్లకి హామిల్టన్ కూడా అదే పనికి దిగారు. 1804 జూలై 11న న్యూజెర్సీలోని వీహాకెన్‌లో, ఎదురుగా నిలబడింది ఎవరో కాదు, పదవిలో ఉన్న వైస్ ప్రెసిడెంట్ ఆరన్ బర్. రాజకీయ పగ అంత దూరం పోయింది మరి. బర్ తూటా తగిలి మర్నాడు హామిల్టన్ చనిపోయారు.

దేశం అప్పులకు దారి చూపించినాయన ఇంట్లో మిగిల్చింది అప్పులే. స్నేహితులు చందాలు పోగేసి కుటుంబాన్ని ఆదుకున్నారు. ఎలిజబెత్ ఇంకో 50 ఏళ్లు బతికారు. మరికొందరు మహిళలతో కలిసి 1806లో న్యూయార్క్‌లో అనాథాశ్రమం పెట్టారు, భర్త కాగితాలన్నీ ఒక్కొక్కటిగా సేకరించారు. 1854లో 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వాల్ స్ట్రీట్ మొదట్లో ఉన్న ట్రినిటీ చర్చి ఆవరణలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.