సుకుమార్ రాయ్

సుకుమార్ రాయ్ 1887వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ఉపేంద్రకిశోరుడు బాలసాహిత్యకర్త, ముద్రణకళానిపుణుడు. సుకుమారుడు భౌతిక రసాయన శాస్త్రములలో పట్టభద్రుడై, 1911లో ఇంగ్లండునకేగి ముద్రణవిద్య నభ్యసించి, 1913లో తిరిగివచ్చెను. ఆ యేటనే తండ్రి ‘సందేశ్’ అను బాలల మాసపత్రికను స్థాపించెను. 1915లో ఆయన మరణింపగా పత్రికాభారము సుకుమారునిపై బడెను.

శాస్త్రములు చదివిన ఈయన బాలలకొరకు అర్థము లేనట్లు తోచు గేయములను వ్రాసెను. వంగభాషలో బాతును ‘హాస్’ అనియు, ముండ్లపందిని ‘శజారు’ అనియు అందురు. ఆ రెండింటిని అతికి ఆయన ‘హాస్‌జారు’ అను వింతజంతువును సృష్టించెను. ఇట్టి సంధిని ఏ వ్యాకరణమును అంగీకరింపదు. అయినను ఆ మాట వినగానే బాలుని కన్నులయెదుట ముండ్లు గల బాతు నిలుచును. పెద్దలు త్రోసివేయు మాటకును ఇంత శక్తి కలదు.

వినోదపు మాటున వివేకమును గలదు. ఒక గేయమున, ఆ రాజ్యమునందు కాలుజారి పడినవానికి సైతము 21 రూపాయల జరిమానా విధింతురు. దానికి నవ్విన బాలుడు తనకు తెలియకయే న్యాయాన్యాయములను గుర్తించును.

1921లో కుమారుడు సత్యజిత్ జన్మించెను. ఆ యేటనే సుకుమారునకు కాలా అజార్ వ్యాధి సోకెను. రోగశయ్యపై నుండియు ఆయన వ్రాత మానక ‘అబోల్ తాబోల్’ గేయసంపుటమును సిద్ధపరచెను. మన అవాకులు చవాకుల వంటిదే ఆ పేరు. 1923 సెప్టెంబరు 10వ తేదీన ఆయన దివంగతుడయ్యెను. తొమ్మిది దినములకు ఆ గ్రంథము వెలువడెను. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. కాని తన బాధను లోనడచి ఆయన పంచిన నవ్వు నేటికిని వంగదేశపు ఇండ్లలో వినబడుచునే యున్నది.