ఒడి నింపిన పుల్లయ్యగారు

బిడ్డలులేని దంపతుల గోడు చిత్తజల్లు పుల్లయ్యగారి చిత్రాల్లో తొలినుంచీ వినిపిస్తుంది. మూకీల కాలంలోనే కాకినాడలో, మృకండు దంపతుల తపఃఫలమైన మార్కండేయుని కథ తీశారు. 1936లో ‘సతీ అనసూయ’ తీశారు. త్రిమూర్తులే పసిపాపలై అనసూయ ఒడి చేరిన ఆ కథలో పెద్దల పాత్రలు కూడా పిల్లలచేతనే వేయించారు. అనసూయ వేషం వేసిన బాలిక కృష్ణవేణిగారే 1949లో ‘మనదేశం’ నిర్మించారు.

1934లో ‘లవకుశ’ తీసిన పుల్లయ్యగారు దానినే రంగుల్లో మళ్ళీ మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఆ చిత్రాన్ని కుమారుడు సి.ఎస్. రావుగారు పూర్తిచేయగా 1963లో విడుదలైంది. 1967లో పుల్లయ్యగారు కన్నుమూశారు.

తండ్రి మొదలుపెట్టిన పని బిడ్డ చేతికి అందితేనే ఒడి నిండినట్లు. తాతల తెలుగును సాయంకాలపు బడిలో దిద్దుకొన్న మాబోటివారికి ఆ సంగతి బాగా తెలుసు.