పార చేపట్టిన పండితుడు: పియేర్ సెరెసోల్

స్వదేశమునకు సేవచేయు వారు ప్రతి దేశమునందును గలరు. కాని తనవారెవ్వరును లేని పరదేశమునకు స్వేచ్ఛగా పోయి, కూలి యడుగక, అచ్చటి బీదలకు ఇండ్లు కట్టి, వారి బిడ్డలు ఈదుటకు కొలను త్రవ్వియిచ్చు వారు అరుదు. అట్టి సేవకు మార్గదర్శియైన పియేర్ సెరెసోల్ చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇతడు 1879వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని స్విట్జర్లండు దేశమందలి లొసాన్ నగరమున జన్మించెను. తండ్రియగు పాల్ సెరెసోల్ 1873లో ఆ దేశమున కధ్యక్షుడుగా నుండినవాడు. పియేర్ జ్యూరిచ్ నగరమున ఇంజనీరింగు విద్య నభ్యసించి పండిత పట్టమును బొందెను. సుఖముగా గాలము బుచ్చుటకు వలసిన ధనము, కులము, విద్య అన్నియు నతనికి గలవు. అయినను కొన్ని సంవత్సరములు అమెరికా, జపాను దేశములలో సంచరించి, తన కష్టార్జితముతో జీవించెను. తండ్రివలన సంక్రమించిన ఆస్తి తాను సంపాదించినది గాదని యెంచి, దానిని ప్రభుత్వమునకు సమర్పించెను.

1914లో ఐరోపా ఖండమున మహాయుద్ధము ప్రారంభమయ్యెను. క్రీస్తుని అనుచరులమని చెప్పుకొను జనులే ఒకరినొకరు సంహరించుకొనుట జూచి యతని హృదయము తల్లడిల్లెను. సైనిక పన్ను చెల్లింప నిరాకరించి 1917లో చెరసాలకు బోయెను. కాని నిరాకరణము మాత్రమే చాలదని యతడు గ్రహించెను. సైనికుడు దేశముకొరకు ప్రాణమునకు తెగించుచుండగా, శాంతి కోరువాడు మాటలతో సరిపుచ్చుట న్యాయమా? సైనికునివలెనే క్రమశిక్షణతో, కష్టమునకు వెనుదీయక, నిర్మాణ కార్యము చేయు దళము కావలెనని యతడు తలంచెను.

1920లో ఫ్రాన్సు దేశమందు వెర్దున్ సమీపమున యుద్ధమువలన నేలమట్టమైన ఎన్ అను గ్రామమునకు కొలదిమంది సహచరులతో బోయి, ఇండ్లు, బాటలు బాగుచేయ నారంభించెను. వారిలో జర్మనులును గలరు. నిన్నటి శత్రువు నేడు పార చేతబట్టి వచ్చుట యెంత వింత! కాని యుద్ధకాలపు పగ యింకను చల్లారలేదు. జర్మనులు అచ్చట నుండుట కొందరికి సహింపరానిదయ్యెను. 1921లో ఆ పని నిలిచిపోయెను.

సెరెసోల్ నిరాశ చెందలేదు. 1924లో స్వదేశపు కొండలలో మంచుచరియలు విరిగిపడి పాడైన గ్రామమున మరల సేవ ప్రారంభమయ్యెను. సైన్యమున కర్నలుగా నుండిన అతని సోదరుడు ఎర్నెస్ట్ దానికి నాయకత్వము వహించెను. అన్నదమ్ముల అభిప్రాయములు వేరైనను పనిలో నొక్కటైరి. 1927లో రైను నది పొంగి లీక్టెన్‌స్టైన్ దేశపు పొలములను రాళ్లతోను ఇసుకతోను గప్పివేయగా, మరుసటి యేట 20కి మించిన దేశములనుండి 700 మందికి పైగా సేవకులు వచ్చి వానిని తొలగించిరి. స్త్రీలు వంట, బట్టలుతుకుట మొదలగు పనుల భారమును వహించిరి.

1931లో ఈ సేవాదళము వేల్సు దేశమందలి బ్రిన్‌మౌర్ పట్టణమునకు బోయెను. గనులు మూతపడి అచ్చటి పురుషులు పనిలేక వీధులలో నిలుచుచుండిరి. పాడుపడిన నేలను బాగుచేసి, ఉద్యానవనమును, ఈతకొలనును నిర్మింప సంకల్పించిరి. కూలి లేక పనిచేయువారు వచ్చినచో తమ నోటి కూడు పోవునని కొందరు శంకించిరి. ఆ శంక త్రోసివేయదగినది కాదు. అందుచేతనే కూలివాని జీవనోపాధికి అడ్డు వచ్చు పనిని చేపట్టరాదని ఈ దళమువారు నియమము చేసికొనిరి. పరదేశపు విద్యార్థులును, పనిలేని గనికార్మికులును ఏకమై నేల త్రవ్విరి. పరాయివాడు వచ్చి దానముగా నిచ్చినది గాక, తమవారును చెమటోడ్చి కట్టిన కొలను ఆ పట్టణపు బాలబాలికలకు దక్కెను.

1934 జనవరి 15వ తేదీని బీహారు రాష్ట్రమున భయంకరమైన భూకంపము సంభవించెను. 1931లోనే గాంధీ మహాత్ముని స్విట్జర్లండున కలిసికొనియుండిన సెరెసోల్ ఆ వార్త విని మన దేశమునకు వచ్చెను. బాబూ రాజేంద్రప్రసాదు మొదలగువారితో ఆలోచించి, ముజఫర్‌పూరు ప్రాంతమున, వరదనీరు చేరని మెట్టనేలలపై గ్రామములను మరల కట్టుటకు తోడ్పడెను. అప్పటికి అతనికి 55 సంవత్సరములు సమీపించుచుండెను. 1937 వరకు మరల మరల వచ్చి, మండుటెండలో గ్రామస్థులతో కలిసి మట్టి మోసెను. క్రొత్తగా వెలసిన యొక గ్రామమునకు శాంతిపురమని పేరు పెట్టిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున శాంతి సందేశముతో సరిహద్దు దాటి జర్మనీలో ప్రవేశించి మరల చెర ననుభవించెను. 1945 అక్టోబరు 23వ తేదీని స్వదేశమున పరమపదించెను. అతడు నాటిన సంస్థ నేటికిని అనేక దేశములలో యువజనులచే ఇట్టి సేవ చేయించుచున్నది.

బాలబాలికలారా! పరోపకారమునకు దూరదేశ ప్రయాణమొక్కటే చాలదు. మనము పోయిన చోటివారి మాట వినవలెను, వారితో కలిసి పని చేయవలెను, వారి కూడు తీయక యుండవలెను. దేశాధ్యక్షుని కుమారుడు మట్టితట్ట మోయుట అవమానముగా దలపలేదు. మన పాఠశాల ఆటస్థలమున ముండ్లు తీయుటకు, గుంటలు పూడ్చుటకు మనమేల సిగ్గుపడవలెను?