బురదనీళ్ల పాటగాడు

మా అన్న ఫోన్‌లో ఎప్పుడూ రోలింగ్ స్టోన్స్ పాటలే. 2016లో ఆ ఇంగ్లండ్ బ్యాండ్ ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో 12 పాటలుంటే ఒక్కటీ వాళ్ళు రాసింది కాదు, అన్నీ పాత బ్లూస్ పాటలు. డెబ్బైకి అటూ ఇటూ వయసులో మూడు రోజుల్లో రికార్డు చేసేశారు. అంత పేరొచ్చాక ఇంకొకరి పాటలెందుకు పాడారా అని వెతికితే నాకు మడ్డీ వాటర్స్ దొరికారు.

ఆయన అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. ఊరు అమెరికాలోని మిసిసిపీ. పుట్టిన సంవత్సరానికి 1913, 1915 అని రెండు లెక్కలున్నాయి. చిన్నప్పుడే తల్లి పోతే అవ్వ పెంచింది. ఎప్పుడూ బురదలో ఆడుతుంటాడని ‘మడ్డీ’ అని పిలిచింది. స్టోవాల్ దొరల పొలాల్లో పత్తి ఏరాడు, ట్రాక్టర్ నడిపాడు, రాత్రిళ్ళు గిటార్ వాయించాడు. అక్కడి నల్లజాతి కూలీల బతుకులోంచి వచ్చిన పాటే బ్లూస్.

1941లో అలన్ లోమాక్స్ అనే ఆయన అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ కోసం పాటలు సేకరిస్తూ ఆ పల్లెకి వచ్చి, మడ్డీ ఇంట్లోనే ఆయన పాట రికార్డు చేశారు. తర్వాత రెండు రికార్డులు, 20 డాలర్లు పంపారు. తన గొంతు తను విన్నాకే, తానూ పాటగాడినేనని మడ్డీకి నమ్మకం కుదిరింది. 1943లో రైలెక్కి షికాగో వెళ్ళిపోయారు.

అక్కడ పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బుల్లో పాట. ఆ గోలలో మామూలు గిటార్ వినబడదు కాబట్టి ఎలక్ట్రిక్ గిటార్ పట్టారు. పల్లె పాట అదే, చప్పుడు మాత్రం నగరానిది. 1950లో ‘రోలిన్ స్టోన్’ పాట వచ్చింది. 1958లో ఇంగ్లండ్ వెళ్తే ఆ చప్పుడుకి కొందరు బెదిరిపోయారు. కానీ ఆయన రికార్డులు అక్కడి కుర్రాళ్ళ చేతికి చేరాయి. 1962లో కొందరు కలిసి బ్యాండ్ పెట్టి, ఆ పాట పేరే పెట్టుకున్నారు. వాళ్ళే రోలింగ్ స్టోన్స్.

శిష్యులు పెద్ద పెద్ద స్టేడియాలు నింపుతుంటే గురువు చిన్న క్లబ్బుల్లోనే పాడేవారు. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. అయితే వాళ్ళు ఆయన్ని మరిచిపోలేదు. 1981లో షికాగోలో ఒక చిన్న క్లబ్బుకి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి పాడారు. 1983 ఏప్రిల్ 30న ఆయన చనిపోయారు. 2016 ఆల్బమ్‌లో మడ్డీ పాట ఒక్కటీ లేదు. కానీ ఆయన బృందంలో హార్మోనికా వాయించిన లిటిల్ వాల్టర్ పాడినవి నాలుగున్నాయి. ఇంటి పేరు ఆయనది, పాటలు ఆయన ఇంటివాళ్ళవి.

మా ఇంట్లో అమ్మది కన్నడం, నాన్నది తెలుగు. మా అవ్వ తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టు ఉండదని, ఫ్రెండ్స్ ముందు ఆమెతో మాట్లాడడానికి నేను నామోషీ పడేదాన్ని. మడ్డీ కథ చదివాక, పోయిన ఆదివారం అవ్వ చేత దంపుళ్ళ పాట పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. తిరిగి వినిపిస్తే అవ్వ సిగ్గుపడి, ఇంకోసారి పెట్టమంది. మీ ఇళ్ళల్లో కూడా అలాంటి గొంతులుంటాయి. ఈ సెలవుల్లో రికార్డు చేసి తీసుకురండి, డిపార్ట్‌మెంట్‌లో అందరం కూర్చుని విందాం.