మత్సుదా గొన్‌రోకు

మత్సుదా గొన్‌రోకు (ఏప్రిల్ 20, 1896 - జూన్ 15, 1986) జపాన్ దేశమునకు చెందిన సుప్రసిద్ధ లక్కపని కళాకారుడు, అధ్యాపకుడు. లక్కపూతపై బంగారు, వెండి రజనుతో బొమ్మలు తీర్చే మకియే అను ప్రాచీన కళలో ఈయన 20వ శతాబ్దపు అగ్రగణ్యులలో ఒకడు. పెట్టెలకు, బీరువాలకు, పూజామందిరాలకు అలంకారముగా ఉన్న ఈ కళను ఫౌంటెన్ పెన్నుల మీదికి తెచ్చి, వాటికి కళాఖండముల గౌరవము కలిగించినవారిలో ఈయన ముఖ్యుడు. లక్కపనిలో ఈయన చూపిన పట్టుదలను బట్టి "లక్క రాక్షసుడు" అను పేరు వచ్చినది.

బాల్యము, విద్యాభ్యాసము

గొన్‌రోకు ఇషికావా మండలములోని కనజావాలో ఒక రైతు కుటుంబములో జన్మించాడు. కనజావా పూర్వము మయెదా వంశపు ప్రభువుల రాజధాని. వారి ఆదరణ వలన అక్కడ లక్కపని, బంగారు రేకుల పని బాగా వృద్ధి చెందినవి. బౌద్ధ పూజామందిరాలకు మకియే పని చేసే తన అన్న వద్ద గొన్‌రోకు ఏడవ ఏటనే పని నేర్చుకొనసాగాడు. ఆ తరువాత ఇషికావాలోని పారిశ్రామిక పాఠశాలలో చదివి, 1914లో టోక్యో లలితకళల పాఠశాలలో చేరాడు. 1919లో పట్టభద్రుడైనపుడు పువ్వులు, పక్షులు, జంతువులతో అలంకరించి సమర్పించిన చిన్న పెట్టె నేటికీ ఈయన ముఖ్య రచనలలో ఒకటిగా లెక్కింపబడుచున్నది.

మకియే విధానము

మకియే అనగా చల్లి తీర్చిన బొమ్మ అని అర్థము. ఇందులో వాడే లక్కను జపాను భాషలో ఉరుషి అంటారు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క పురుగుల నుండి లభించేది కాగా, ఉరుషి ఒక చెట్టు కాండమునకు గాట్లు పెట్టి సేకరించే రసము. పచ్చి రసము చర్మమునకు తగిలితే దద్దుర్లు, పొక్కులు వస్తాయి. ఇది మామూలు రంగుల వలె ఎండలో ఆరదు. తేమ గల గాలిలో నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుచేత పూత వేసిన వస్తువును తేమగా ఉంచిన అరలో పెడతారు.

కళాకారుడు సన్నని కుంచెతో లక్కతో బొమ్మ గీసి, అది ఆరకముందే దానిపై బంగారు రజను చల్లుతాడు. ఆరిన పిమ్మట మరల లక్క పూసి, బొగ్గుతో రుద్ది మెరుగు పెడతాడు. బొమ్మ ఉపరితలముతో సమముగా ఉండే పద్ధతి, ఉబ్బెత్తుగా ఉండే పద్ధతి, లక్కలో పూర్తిగా కప్పి మరల అరగదీసి బయటికి తీసే పద్ధతి అని ఇందులో ప్రధానముగా మూడు విధములు గలవు. ఒక్కొక్క పూత ఆరే వరకు ఆగవలసి యుండుట వలన ఒక వస్తువు పూర్తి కావడానికి నెలలు పట్టవచ్చును.

ఫౌంటెన్ పెన్నులు

నమికి ర్యోసుకే, వదా మసావో అనువారు 1918లో టోక్యోలో స్థాపించిన నమికి కంపెనీ (1938 నుండి పైలట్) ఎబొనైట్‌తో పెన్నులు తయారు చేసేది. ఎబొనైట్ అనగా గంధకము కలిపి గట్టిపరచిన రబ్బరు. రాజమహేంద్రవరములోని రత్నం పెన్నులకు వాడినదీ ఇదే. కాలక్రమమున వెలుతురుకు దీని నలుపు వెలిసిపోతుంది. దీనిని నివారించుటకు నమికి కంపెనీ 1925 ప్రాంతములో ఎబొనైట్‌పై ఉరుషి పూసే పద్ధతిని రూపొందించినది. ఆ పూతపై మకియే చిత్రించాలన్న ఆలోచనకు కార్యరూపము ఇచ్చుటకు 1920ల మధ్యలో గొన్‌రోకు ఆ సంస్థలో చేరి, అక్కడి పనివారికి శిక్షణ ఇచ్చాడు.

పెట్టె మూతపై బొమ్మ వేయుట వేరు, పెన్నుపై వేయుట వేరు. పెన్ను చేతి వేలంత లావున గుండ్రముగా ఉంటుంది. బొమ్మను ఒక్క చూపులో పూర్తిగా చూడలేము, త్రిప్పుచూ చూడాలి. క్యాప్ బిగించినపుడు దానిపై భాగము, క్రింది భాగము కలిసి ఒకే బొమ్మ కావాలి. పైగా అది ప్రతిదినము చేతిలో నలిగే వస్తువు. ఆ ఇరుకు స్థలములో పక్షులను, చేపలను, ఋతువుల పువ్వులను నిలపడము ఈ శాఖ విశిష్టత.

1930లో లండన్‌కు చెందిన డన్‌హిల్ సంస్థతో నమికి ఒప్పందము చేసుకొన్నది. దీనితో డన్‌హిల్-నమికి పేరుతో ఈ పెన్నులు పాశ్చాత్య దేశాలలో అమ్ముడైనవి. 1931లో గొన్‌రోకు నాయకత్వమున కొక్కోకై అను కళాకారుల బృందము ఏర్పడినది. బృందములోని వారు తాము చేసిన పెన్నుపై తమ సంతకము చేసేవారు. కర్మాగారపు వస్తువుపై పనివాని పేరు ఉండుట ఆనాడు చిన్న విషయము కాదు. జపాను ప్రభుత్వపు కళా ప్రదర్శనలో సైతము హస్తకళలకు ప్రత్యేక విభాగము 1927లో మాత్రమే ఏర్పడినది.

ఇతర రచనలు

గొన్‌రోకు 1927 నుండి తాను చదివిన టోక్యో పాఠశాలలోనే బోధించాడు. 1940లో యుద్ధకాలపు ఆంక్షలలో భాగముగా విలాస వస్తువుల తయారీని, అమ్మకమును ప్రభుత్వము నియంత్రించుటతో బంగారము వాడే ఈ వృత్తికి గడ్డుకాలము వచ్చినది. ఆ రోజులలోనే, 1944లో, ఈయన హోరాయ్ అను పురాణ ద్వీపము ఇతివృత్తముగా ఒక అరల పెట్టెను పూర్తి చేశాడు. అది ఇప్పుడు కనజావాలోని ఇషికావా మండల కళా ప్రదర్శనశాలలో ఉన్నది. యుద్ధానంతరము 1960లలో, 1124లో నిర్మింపబడిన చూసొన్-జి బౌద్ధాలయపు స్వర్ణ మందిరము పునరుద్ధరణలో లక్కపనులకు మార్గదర్శకుడయ్యాడు. ఉరుషిని గురించి 1964లో ఒక గ్రంథము ప్రకటించాడు.

గౌరవములు, వారసత్వము

1947లో జపాన్ కళా అకాడమీ సభ్యుడైనాడు. 1955లో ప్రభుత్వము ఈయనను మకియే కళకు "సజీవ జాతీయ నిధి"గా గుర్తించినది. 1976లో జపానులో అత్యున్నత సాంస్కృతిక గౌరవమైన ఆర్డర్ ఆఫ్ కల్చర్ లభించినది. శిష్యుడు ఓబా షోగ్యో 1982లో సజీవ జాతీయ నిధి గౌరవము పొందాడు.

గొన్‌రోకు 1986 జూన్ 15న తన 90వ ఏట మరణించాడు. బాల్‌పెన్నుల రాకతో ఫౌంటెన్ పెన్ను నిత్యావసరముగా మిగలకపోయినను, మకియే పెన్నుల తయారీ ఆగలేదు. పైలట్ సంస్థ నమికి పేరుతో వీటిని కొనసాగించినది, కొక్కోకై కళాకారుల సంతకములతోనే. 2020లో టోక్యో నుండి కనజావాకు తరలిన జాతీయ హస్తకళల ప్రదర్శనశాలలో ఈయన పనిచేసిన గది యథాతథముగా పునర్నిర్మింపబడి సందర్శకులకై ఉంచబడినది.