బరువు మోసిన భుజాలే శిఖరమెక్కాయి
(టెన్సింగ్ నార్గే జీవితం)

వార్షికోత్సవ సంచిక పని మొదలుపెట్టగానే ప్రతి ఏడూ మాలో ఒకటే చర్చ. ఈసారి ఎవరి జీవితం రాద్దాం అని. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ఎంత రాసినా తక్కువే. ఈ ఏడు మాత్రం స్టడీ అవర్‌లో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మమ్మల్ని వేరే దారి పట్టించింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కదా, వాళ్లకు మంచుకొండ ఎక్కడం నేర్పిన డార్జిలింగ్ బడిలో మొట్టమొదటి పంతులు ఎవరన్నా అని వాడు అడిగాడు. మాకు తెలియలేదు. వెతికితే దొరికిన పేరు టెన్సింగ్ నార్గే. పేరైతే జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో బట్టీ పట్టిందే. కానీ ఆ పేరు వెనుక ఉన్న మనిషి మాకు అప్పుడే పరిచయమయ్యాడు. ఆయన గురించి మేము తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

టెన్సింగ్ 1914లో పుట్టాడు. ఏ రోజు పుట్టాడో ఇంట్లో ఎవరూ రాసి పెట్టుకోలేదు. మనలో ఎందరికో బడిలో వేసిన తేదీయే పుట్టినరోజు అయినట్టు, ఆయన కూడా పెద్దయ్యాక మే 29ని తన పుట్టినరోజుగా పెట్టుకున్నాడు. ఆ తేదీయే ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. తండ్రి జడలబర్రెలు మేపుకునే మనిషి. పదముగ్గురు సంతానంలో టెన్సింగ్ పదకొండోవాడు. ఆ పదముగ్గురిలో చాలామంది పసితనంలోనే పోయారు. తల్లిదండ్రులు మొదట పెట్టిన పేరు నామ్‌గ్యాల్ వాంగ్డి. ఒక లామా గారి సలహాతో దాన్ని టెన్సింగ్ నార్గేగా మార్చారు. ధనవంతుడూ అదృష్టవంతుడూ అయిన భక్తుడు అని ఆ పేరుకు అర్థమట. ఇంట్లో ధనం లేదు, కనీసం పేరులోనైనా ఉండాలనుకున్నారేమో.

నేపాల్‌లోని ఖుంబు ప్రాంతంలో, ఎవరెస్టు నీడలో అతడు పెరిగాడు. అక్కడివాళ్లు ఆ కొండను చోమోలుంగ్మా అంటారు. పక్షి కూడా దాటి ఎగరలేనంత ఎత్తయిన కొండ అని తల్లి చెప్పేది. 1921 నుంచి ఇంగ్లీషు దొరలు ఆ కొండ మీదికి దండులు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. వాళ్ల సామాన్లు మోసింది షెర్పాలు. 1922లో మంచు చరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. బతికి ఊరికి తిరిగొచ్చినవాళ్లు చెప్పే కథలు వింటూ జడలబర్రెలు కాసే ఈ పిల్లవాడు, ఆ కొండ కొసకు తానే పోవాలని అనుకున్నాడు. అతనికి బడి లేదు, పలకా లేదు. చివరి దాకా చదవడం, రాయడం రాలేదు. కానీ కోరిక మాత్రం ఆ వయసులోనే పుట్టింది.

ఇంటి నుంచి ఒకసారి చెప్పకుండా కాఠ్మాండు పారిపోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. 1932 చివరలో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంకొందరితో కలిసి డార్జిలింగ్ చేరాడు. ఎవరెస్టుకు వెళ్లే దొరలు కూలీలను ఎంచుకునేది అక్కడే. పొట్టకూటికి పశువులు కాశాడు, పాలు అమ్మాడు. 1933లో ఒక పెద్ద దండు వచ్చింది. ఆశగా వెళ్లి అడిగాడు. తీసుకోలేదు. మిగిలిన షెర్పాలు సామాన్లు ఎత్తుకుని వరుసగా వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. మొదటిసారి ఇంటర్వ్యూకి పోయి వట్టి చేతులతో బస్సెక్కి తిరిగొచ్చిన మన అన్నలకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

1935లో ఎరిక్ షిప్టన్ అనే ఆరోహకుడు చిన్న బృందంతో వచ్చాడు. కొండను పరిశీలించి రావడమే ఆ యాత్ర పని. ముందు యాత్రల్లో పనిచేసినవాళ్ల దగ్గర సర్టిఫికెట్లు ఉన్నాయి. టెన్సింగ్ దగ్గర కాగితం ముక్క లేదు. కాగితం లేనిదే పనివ్వరు, పని చేయనిదే కాగితం రాదు. ఈ చిక్కుముడి మనకు కొత్తది కాదు. అయినా వరుసలో నిలబడ్డాడు. ఎంపిక దాదాపు ముగిశాక ఇంకొందరు కావలసి వచ్చారు. ఆ చివరి గడియలో షిప్టన్ కళ్లు అతని నవ్వు ముఖం మీద ఆగాయి. అలా ఇరవయ్యేళ్ల టెన్సింగ్ తన జీవితంలో మొదటి పర్వతయాత్రకు బయలుదేరాడు.

ఆ మొదటి యాత్ర గురించి కొంచెం వివరంగా రాయాలి. ఎందుకంటే అందరూ 1953 గురించే చెబుతారు, 1935ని వదిలేస్తారు. అప్పట్లో నేపాల్ విదేశీయులకు తలుపులు మూసి ఉంచింది. అందుకని డార్జిలింగ్ నుంచి సిక్కిం మీదుగా టిబెట్‌లోకి నడిచి, ఉత్తరం వైపు నుంచి ఎవరెస్టును చేరాలి. వారాల తరబడి నడక. టెన్సింగ్‌కు బరువు మోయడం కొత్త కాదు. కానీ మంచు కళ్లద్దాలు, మేకుల బూట్లు, డబ్బాల్లోని తిండి, నడుముకు తాడు కట్టుకుని ఒకరి వెనుక ఒకరు నడవడం అన్నీ కొత్తే. పక్కవాళ్లను చూసి నేర్చుకోవడమే. చెప్పేవాడు లేడు, పుస్తకం లేదు.

జులైలో రోంగ్‌బుక్ మఠం దాటి పైకి వెళ్లారు. అంతకు ముందు ఏడాది ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా ఎవరెస్టు ఎక్కబోయిన మారిస్ విల్సన్ అనే ఇంగ్లీషు మనిషి శవం దారిలో కనిపించింది. మొదటి యాత్రలోనే చావు అలా ఎదురైంది. అయినా ముందుకే నడిచారు. సుమారు 23 వేల అడుగుల ఎత్తున నార్త్ కోల్ అనే మంచు కనుమ ఉంది. అక్కడి దాకా టెన్సింగ్ బరువులు మోశాడు. వానాకాలపు మంచు మెత్తబడి చరియలు విరిగే ప్రమాదం కనిపించి అందరూ వెనక్కి దిగారు. మిగిలినవాళ్లకు పని అయిపోయింది, కూలి వచ్చింది. ఇతనికి మాత్రం ఇంకా పైకి పోవాలని ఉండింది. కూలి కోసం వచ్చినవాడిలో ఆరోహకుడు మేలుకున్నది అక్కడే అని మాకనిపిస్తుంది. ఆ ఎండాకాలం ఆ చిన్న బృందం ఇరవై వేల అడుగులు దాటిన శిఖరాలు ఇరవయ్యారు ఎక్కి వచ్చింది.

ఆ యాత్రలోనే ఒక విచిత్రం ఉంది. అందులో డాన్ బ్రయంట్ అనే న్యూజిలాండ్ ఆయన ఉన్నాడు. ఆయన మంచితనం షిప్టన్‌కు గుర్తుండిపోయింది. అందుకే 1951లో మళ్లీ ఎవరెస్టు దారి చూడబోయినప్పుడు ఇద్దరు న్యూజిలాండ్ వాళ్లను చేర్చుకున్నాడు. వాళ్లలో ఒకడు ఎడ్మండ్ హిల్లరీ. అంటే 1953లో ఎవరెస్టు ఎక్కిన ఇద్దరికీ తలుపు 1935లోనే తెరుచుకుందన్నమాట.

తరువాత దారి సాఫీగా ఏమీ సాగలేదు. 1936లో మళ్లీ వెళ్లాడు, వాతావరణం వెనక్కి పంపింది. 1938లో 27 వేల అడుగులు దాటి ఆరో శిబిరం దాకా బరువులు చేర్చి టైగర్ పతకం పొందాడు. ఆ తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి యాత్రలు ఆగిపోయాయి. పొట్టకోసం చిత్రాల్‌లో సైనికాధికారుల దగ్గర మెస్ పనిలో చేరాడు. 1939లో చిన్న కొడుకు పోయాడు. 1944లో భార్య దావా ఫుటీ పోయింది. ఇద్దరు పసి కూతుళ్లను వెంటపెట్టుకుని 1945లో డార్జిలింగ్ తిరిగొచ్చాడు. తరువాత ఆంగ్ లాము అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇద్దరు పిల్లలకూ ఆమె తల్లి అయింది.

1947లో స్విస్ బృందంతో గఢ్‌వాల్ వెళ్లినప్పుడు కూలీల నాయకుడు ప్రమాదంలో గాయపడితే ఆ బాధ్యత ఈయన మీద పడింది. అలా సర్దార్ అయ్యాడు. 1952లో స్విస్ వాళ్లు ఎవరెస్టుకు వస్తూ ఆయనను సర్దార్‌గానే కాక బృందంలో ఆరోహకుడిగా కూడా తీసుకున్నారు. పదిహేడేళ్లు మోసిన తరువాత దక్కిన గౌరవం అది. రేమండ్ లాంబెర్ట్ అనే ఆయనతో కలిసి 8,400 మీటర్ల దగ్గరలో ఒక రాత్రి గడిపాడు. నిద్ర సంచుల్లేవు, స్టవ్ లేదు. కొవ్వొత్తి మంట మీద మంచు కరిగించి గొంతు తడుపుకున్నారు. నిద్రపోతే చచ్చిపోతామని ఒకరినొకరు తట్టుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నారు. మర్నాడు, మే 28న, 8,595 మీటర్ల దాకా వెళ్లారు. ఇక రెండు వందల యాభై మీటర్లు మాత్రమే మిగిలింది. అడుగు పడటం లేదు. వెనక్కి దిగారు. ఆ నిర్ణయం వల్లే ఇద్దరూ బతికారు. లాంబెర్ట్ తన ఎర్ర మఫ్లరు టెన్సింగ్‌కు ఇచ్చాడు.

1953లో జాన్ హంట్ నాయకత్వంలో బ్రిటిష్ దండు వచ్చింది. టెన్సింగ్‌కు ముప్పై ఎనిమిదేళ్లు నిండాయి. 1935, 1936, 1938, 1947, 1952లో రెండుసార్లు, ఇప్పుడు ఇది. ఎవరెస్టుకు ఏడో ప్రయత్నం. కాఠ్మాండులో షెర్పాలకు బసగా ఒక గ్యారేజీ చూపించారు. దొరలకు ఒక తీరు, మోసేవాళ్లకు ఒక తీరు. షెర్పాలు తమ అసమ్మతి దాచుకోలేదు. టెన్సింగ్ ఇటు తన వాళ్ల కోపాన్నీ, అటు దండు పనినీ రెండు భుజాల మీద మోయవలసి వచ్చింది. అలాంటి చోట ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక నలిగిపోవడం ఎలా ఉంటుందో మనలో హాస్టల్ లీడర్లుగా చేసినవాళ్లకు కొంత తెలుసు.

యాత్రలో హిల్లరీ ఒక మంచు పగులులో పడబోతే టెన్సింగ్ తాడు బిగించి నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ జత కుదిరింది. మే 26న మొదట వెళ్లిన ఇద్దరు దక్షిణ శిఖరం దాకా వెళ్లి తిరిగొచ్చారు. తరువాత వంతు వీరిది. మే 28 రాత్రి సుమారు 27,900 అడుగుల ఎత్తున చిన్న గుడారంలో పడుకున్నారు. తెల్లారి చూస్తే హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాళ్లయ్యాయి. స్టవ్ మీద వాటిని మెత్తబరచడానికే రెండు గంటలు పట్టింది. ఆరున్నరకు బయలుదేరారు. 1953 మే 29 ఉదయం పదకొండున్నరకు ఇక ఎక్కడానికి ఏమీ మిగలలేదు. టెన్సింగ్ మెడలో లాంబెర్ట్ ఇచ్చిన ఎర్ర మఫ్లరు ఉంది. మంచులో చిన్న గుంట తీసి మిఠాయిలు, కూతురు నీమా ఇచ్చి పంపిన పెన్సిలు దేవుడికి అర్పించాడు. రాయడం రాని తండ్రి ప్రపంచపు నెత్తిన పెట్టి వచ్చినది బిడ్డ పెన్సిలు. ఈ సంగతి చదివినప్పుడు మా గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

దిగి వచ్చాక వేరే కొండ ఎదురైంది. నువ్వు ఏ దేశం వాడివి అని ఒకరు, ముందు కాలు పెట్టింది ఎవరని ఒకరు. హంట్‌కూ హిల్లరీకీ సర్ బిరుదులు వచ్చాయి, టెన్సింగ్‌కు జార్జ్ పతకం ఇచ్చారు. ఇది న్యాయమా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మేమూ అడుగుతాం. కానీ ఆయన మాత్రం గొడవ పెంచలేదు. ఇద్దరం ఒకే తాడున కలిసి ఎక్కామని చెప్పాడు. 1955లో తన జీవితకథ చెప్పి రాయించినప్పుడు, హిల్లరీయే ముందు అడుగు పెట్టాడనీ తాను వెంటనే వెనక వచ్చాననీ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. అబద్ధం చెబితే ఎన్నో జేజేలు దక్కేవి. నిజం చెప్పి ఆయన మరింత ఎత్తు ఎదిగాడు.

లండన్ వెళ్లడానికి పాస్‌పోర్టు లేకపోతే ప్రధాని నెహ్రూ గారు ఏర్పాటు చేయించారు, తన బట్టలు కూడా ఇచ్చారు. 1954 నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. క్షేత్ర శిక్షణకు మొదటి డైరెక్టర్ టెన్సింగ్. సర్టిఫికెట్ లేదని ఒకప్పుడు సందేహించిన మనిషి చేతిలో శిక్షణ పొంది వేలాదిమంది సర్టిఫికెట్లు తీసుకున్నారు. 1959లో పద్మభూషణ్ వచ్చింది. 1976లో పదవీ విరమణ చేశాడు. 1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. పదేళ్ల తరువాత, 1996లో, కొడుకు జామ్లింగ్ ఎవరెస్టు ఎక్కాడు.

ఇప్పుడు మళ్లీ తమ్ముడి ప్రశ్న దగ్గరికి వద్దాం. గురుకులాల నుంచి ఎంపికైన పిల్లలు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, ఆ తరువాత డార్జిలింగ్‌లో ఆ బడికే వెళ్లారు. అక్కడ శిక్షణలో భాగంగా సుమారు 17 వేల అడుగుల రెనాక్ శిఖరం ఎక్కారు. మంచు మీద వాళ్లకది మొదటి కొండ. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. ఎవరెస్టు ఎక్కిన బాలికలందరిలోకీ అప్పటికి పూర్ణే చిన్నది, వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వాళ్లు వెళ్లింది టిబెట్ వైపు నుంచి, నార్త్ కోల్ మీదుగా. 1935లో ఇరవయ్యేళ్ల కూలి కుర్రాడు బరువు మోసుకుంటూ ఎక్కి, ఇంకా పైకి పోనివ్వరా అని మనసులో అనుకుంటూ దిగిపోయిన చోటు మీదుగానే మన పేదింటి బిడ్డలు పైకి సాగిపోయారు. నడుమ 79 ఏళ్లు.

టెన్సింగ్‌కు చదువు రాలేదు కదా, మనకెందుకు అని ఎవరూ అనుకోవద్దు. చదువు లేని లోటు ఎంతటిదో ఎరిగినవాడు కాబట్టే తన పిల్లలను చదివించుకున్నాడు. ఈ ఏడు పదో తరగతి రాసి ట్రంకు పెట్టెలు సర్దుకుని వెళ్తున్న తమ్ముళ్లకు మేము చెప్పేది ఒకటే. ముందు వరుసలో పేరు పిలవకపోయినా వరుస వదిలి వెళ్లకండి. మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు మా మనవి కూడా ఒకటే. సర్టిఫికెట్ లేని కుర్రాడు ఎవరైనా మీ ముందు నవ్వు ముఖంతో నిలబడితే, షిప్టన్ చూసినట్టు ఒక్కసారి తలెత్తి చూడండి.