దివాను సాలార్ జంగ్ – నిజాము రైలుబాట

సాలార్ జంగ్ అన్న పేరు వినగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది మ్యూజియం. తరగతిలో నేనెప్పుడు ఈ పేరెత్తినా మేలిముసుగు రెబెక్కా విగ్రహం, గంట కొట్టే గడియారం ప్రస్తావనకు వస్తాయే గాని, ముప్పయి ఏండ్లు రాజ్యభారం వహించిన మంత్రి ప్రస్తావన రాదు. ఆ వస్తుసంపదలో అధికభాగాన్ని సేకరించినవారు మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. నేను చెప్పబోయేది ఆయన తాతగారైన మొదటి సాలార్ జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్ గురించి. రెబెక్కా విగ్రహాన్ని 1876లో రోము నగరంలో కొన్నది మాత్రం ఈ తాతగారే.

ఆయన 1829లో మీర్ ఆలం వంశంలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, పినతండ్రుల, పెదతండ్రుల నీడన పెరిగారు. పందొమ్మిదవ ఏట ఖమ్మం తాలూక్‌దారుగా కొన్ని మాసాలు పనిచేశారు. తెలుగు పల్లెల పన్నుల వ్యవహారం ఆయనకు కాగితాల మీద గాక కంటి ఎదుట తెలిసింది అప్పుడే. 1853లో దివానుగా ఉన్న సిరాజుల్ ముల్క్ మరణించగా, ఇరవై నాలుగేండ్ల ఈ యువకునికి ఆ పదవి లభించింది.

అది లభించిన వేళ శుభవేళ కాదు. ఖజానా ఖాళీ. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు ఖర్చుకు పూచీగా అదే సంవత్సరం బేరారు మండలాన్ని ఆంగ్లేయులు తమ అధీనంలోకి తీసుకున్నారు. మిగిలిన తాలూకాలలో అనేకం అరబ్బు, రోహిల్లా జమేదార్ల వద్దను, సాహుకార్ల వద్దను తాకట్టులో ఉన్నాయి. ఆయన ఒక్కొక్క తాలూకానే విడిపించుకుంటూ వచ్చారు. శిస్తు వసూలును వేలం పాడుకునే పద్ధతిని తొలగించి, జీతగాండ్రైన అధికారులను నియమించారు. 1865లో ఆరంభించిన జిలాబందీ వలన రాజ్యం 5 విభాగాలు, 14 జిల్లాలుగా ఏర్పడింది. దారుల్ ఉలూమ్ విద్యాలయం కూడ ఆయన కాలపు స్థాపనయే.

1857 ముచ్చట దాటవేయరానిది. ఆ ఏడు జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన ప్రజలు కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. దివాను ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్ తుదకు కాల్చివేయబడ్డాడు. మౌల్వీ అండమాను ద్వీపాలకు పంపబడ్డాడు. నగర ప్రజలు ఈ సంగతి మరువలేదు. 1859లో ఒకమారు, 1868లో మరొకమారు సాలార్ జంగ్ ప్రాణాలపైకి వచ్చింది, రెండుమార్లూ తప్పించుకున్నారు. ఆయన చేసినది రాజ్యరక్షణకే అని వాదించేవారున్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని కోఠీ మీదుగా నడిచిపోయే మనవాడెవడైనా ఆ ఇద్దరు వీరులను తలచుకోకుండా, దివానును మాత్రమే పొగడితే అది చరిత్ర అనిపించుకోదు.

ఇక రైలు సంగతి. 1871 నాటికి బొంబాయి నుండి వచ్చే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుండి వచ్చే రైల్వే రాయచూరు వద్ద కలుసుకున్నాయి. ఆ దారి నిజాము రాజ్యపు నైరుతి భాగాన్ని మాత్రం తాకి పోతున్నది. రాజధాని మాత్రం ఎడ్లబండ్ల దూరానే మిగిలిపోయింది. ఆ దారిలోని వాడి స్టేషను నుండి హైదరాబాదుకు ఒక శాఖ వేయాలని ఆంగ్ల ప్రభుత్వం పట్టుబట్టింది. దాని దృష్టి సికిందరాబాదు దండుపై ఉన్నది; సైన్యం, ఫిరంగులు ఒక ఆటంకం లేకుండా చేరాలంటే దారి బొంబాయి లైనుతో సమానమైన బ్రాడ్ గేజి కావలె. దివాను దృష్టి వేరు. ధాన్యం, పత్తి, నూనెగింజలు రేవుకు చేరితే రైతు చేతిలో నాలుగు రూకలు నిలుస్తాయి, శిస్తు పెరుగుతుంది, పెరిగిన శిస్తుతో బేరారును మరల అడిగే ధైర్యం వస్తుంది.

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్లైనా నిండని మీర్ మహబూబ్ అలీఖాన్ సింహాసనం ఎక్కారు. రాజప్రతినిధులుగా షంసుల్ ఉమరా, సాలార్ జంగ్ పాలన సాగించారు. మరుసటి యేడే రైలు ఒడంబడిక జరిగింది. ఖర్చు నిజాము ప్రభుత్వానిది. నిర్మాణం, నిర్వహణ ఆంగ్లేయులవి. రైలు భూములపై న్యాయాధికారం కూడ వారికే దక్కింది. సొంత డబ్బుతో సొంత నేలమీద వేసిన బాటపై నేరం జరిగితే విచారించే హక్కు సొంత కొత్వాలుకు లేదన్నమాట. ఇంతటి నిబంధనకు అంతటి మంత్రి ఎట్లు తలయొగ్గారా అని ఎవరికైనా అనిపిస్తుంది. బేరారు ఆశ ఒకటే ఆయన చేత అన్నిటినీ మింగించింది అని నా అభిప్రాయం.

1874 అక్టోబరులో వాడి – సికిందరాబాదు దారి తెరువబడింది. నిడివి 120 మైళ్లకు ఇంచుమించు. చిత్తాపూర్, సేడం, తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి – ఈ పేర్లు నాటినుండి స్టేషను పేర్లైనాయి. బొంబాయి ప్రయాణం వారాల లెక్క నుండి రోజుల లెక్కకు దిగింది. కొత్త అంగళ్లు వెలిశాయి. నాపరాయి దూరదేశాలకు పోసాగింది. తరతరాలుగా ఎద్దులపై ఉప్పును, ధాన్యాన్ని చేరవేసిన లంబాడీల బతుకు మాత్రం రైలు పోయిన చోటల్లా కుదేలయింది. ఆ నష్టానికి పరిహారం ఏ బడ్జెట్టులోను కానరాదు.

బేరారు ఆశ ఫలించలేదు. కంటింజెంటు ఖర్చుకు తగిన మూలధనాన్ని నిలువ చేస్తామన్నా ఆంగ్లేయులు సమ్మతింపలేదు. 1876లో స్వయంగా ఇంగ్లండు వెళ్లారు. దారిలో పారిసులో మెట్లపై జారి తొడ ఎముక విరిగింది. అయినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టమిచ్చింది, లండను విందులిచ్చింది, బేరారు మాత్రం ఇవ్వలేదు. తిరిగివచ్చిన పిమ్మట గవర్నర్ జనరల్ లిట్టన్ ఆయనకు పోటీగా మరొక రాజప్రతినిధిని నిలిపి చేతులు కట్టివేశారు. 1876–78 కరవు దక్కనును పీడించినది కూడ ఆ దినాలలోనే.

చివరి దినాలలో మరల రైలు. వరంగల్లు మీదుగా బెజవాడకును, చాందాకును దారి పొడిగించాలని, సింగరేణి ప్రాంతపు బొగ్గును వెలికితీయాలని యోచన సాగుతున్నది. 1883 ఫిబ్రవరిలో ఒక జర్మను ప్రభువుకు అతిథ్యమిస్తూ మీర్ ఆలం చెరువుపై పడవ విహారం ఏర్పాటు చేశారు. ఆ వెంటనే కలరా సోకి, ఫిబ్రవరి 8న దివాను కన్నుమూశారు. దాయిరా మీర్ మోమిన్‌లో వంశీయుల నడుమ ఖననం చేశారు.

ఆయన పోయిన కొద్ది మాసాలకే చాందా రైలు వివాదం రేగింది. లండను కంపెనీ పెట్టుబడిపై 20 ఏండ్లపాటు నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం పూచీపడవలె. ఈ షరతులను ప్రజల ముందు పెట్టండని డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు సభలు జరిపారు. హిందువు, ముస్లిము అన్న భేదం లేకుండా నగరవాసులు ఒక ప్రభుత్వ లెక్కను గురించి నోరు విప్పిన తొలి సందర్భాలలో ఇదొకటి. సరోజినీ నాయుడి తండ్రి అయిన అఘోరనాథుని ఉద్యోగం నుండి తొలగించి, 1883 మేలో రాజ్యం నుండి పంపివేశారు. ఒడంబడిక డిసెంబరులో జరిగిపోయింది. ఆ కంపెనీ చేతి నుండి రైల్వేను నిజాము ప్రభుత్వం తిరిగి కొనుక్కున్నది 1930లో.

దారి మాత్రం ఆగలేదు. వరంగల్లు దాటి, సాలార్ జంగ్ పందొమ్మిదవ ఏట కచేరీ చేసిన ఖమ్మం మీదుగా 1889లో రైలు బెజవాడ చేరింది.